స్వర్ణఫలము: విస్మృతమైన ఒక సంగీత రూపకము, దానిని మిగిల్చిన రికార్డు

నాటకము ఆడుచున్నంతసేపే ఉండునది. తెర దిగిన పిమ్మట మిగులునవి అచ్చుప్రతి, కొన్ని ఛాయాచిత్రములు, పత్రికా సమీక్షలు, చూచినవారి జ్ఞాపకములు మాత్రమే. అమెరికా దేశపు సంగీత రూపకముల విషయమున ఇరువదవ శతాబ్ది నడుమ మఱియొక సాక్ష్యము వచ్చి చేరినది. 1943లో 'ఓక్లహోమా' రూపకమును రంగస్థలమున ఆడుచున్న నటులే డెక్కా కంపెనీ వారికి అందలి పాటలను పాడి ఇచ్చిరి. ఆ రికార్డుల సంపుటి విశేషముగా అమ్ముడుపోయెను. నాటి నుండి క్రొత్త రూపకము వెలువడిన కొద్ది దినములకే నటవర్గమును స్టూడియోకు రప్పించి ధ్వనిముద్రణము చేయుట ఆచారమయ్యెను. 1948లో లాంగ్‌ప్లే రికార్డు వచ్చుటతో ఆ ఆచారము స్థిరపడినది.

దీని వలన ఒక విచిత్రమైన స్థితి ఏర్పడెను. రూపకము నాలుగు నెలలలో మూతపడినను రికార్డు నిలిచియుండును. నాటకమును ఎన్నడును చూడనివారు, చూచుటకు అవకాశమే లేనివారు, రికార్డును విని దానికి అభిమానులగుదురు. ఆ అభిమానమే ఒక కృతిని అరువదేండ్ల పాటు మరుగున పడకుండ కాపాడిన సందర్భము కలదు. అట్టి అభిమానము దేనిని గూర్చినది? నాటకమును గూర్చినదా, రికార్డును గూర్చినదా? ఆ రెండును ఒకటియేనా? 1954లో న్యూయార్కు నగరమున ఆడబడిన 'ది గోల్డెన్ ఆపిల్' అను రూపకమును ఆధారముగా గొని ఈ ప్రశ్నను విచారింప దలచితిమి. ఇకమీద దానిని స్వర్ణఫలమనియే వ్యవహరింతుము.

తెలుగు శాఖ పత్రికలో ఈ విచారమేల యని అడుగువారు ఉందురు. తాళపత్ర ప్రతులతో పరిచయము గల మా పాఠకులకు ఈ ప్రశ్న క్రొత్తది కాదని మా సమాధానము. ఖిలమైన ప్రతి ఒక్కటియే చిరకాలము వ్యాప్తిలో నుండి, దానినే జనులు పఠించి ప్రేమించిన పిమ్మట, సమగ్రమైన ప్రతి బయటపడినపుడు పరిష్కర్తకు కలుగు చిక్కు ఏదియో, స్వర్ణఫలమును గూర్చి వ్రాయువారికి కలుగు చిక్కును అదియే. ఇచట ప్రతి తాటాకు కాక నల్లని పళ్ళెము.

ఈ రూపకమునకు కర్తలు ఇద్దఱు. సాహిత్యమును రచించినవాడు జాన్ లటూష్. సంగీతమును కూర్చినవాడు జెరోమ్ మోరాస్. లటూష్ 1914లో బాల్టిమోరులో జన్మించి వర్జీనియాలోని రిచ్‌మండులో పెరిగినవాడు. 1939లో ఎర్ల్ రాబిన్సను సంగీతముతో ఇతడు రచించిన 'బాలడ్ ఫర్ అమెరికన్స్' అను గేయకథను పాల్ రోబ్సన్ రేడియోలో పాడగా దేశమంతట మారుమ్రోగెను. 1940లో రిపబ్లికను పార్టీ మహాసభలోను, కమ్యూనిస్టు పార్టీ మహాసభలోను ఆ ఒక్క గేయమే పాడబడెననిన దాని వ్యాప్తి ఎట్టిదో ఊహింపవచ్చును. ఆ సంవత్సరమే వెర్నన్ డ్యూక్ సంగీతముతో ఇతని 'కాబిన్ ఇన్ ది స్కై' రంగస్థలమునకు వచ్చెను. 1950లో కమ్యూనిస్టు సానుభూతిపరులని అనుమానించిన కళాకారుల పేళ్లతో వెలువడిన 'రెడ్ చానెల్స్' పట్టికలో లటూష్ పేరును ఉండెను.

మోరాస్ 1913లో బ్రూక్లిన్‌లో జన్మించెను. హాలీవుడ్‌లో ఇతరుల చిత్రములకు వాద్యసంయోజనము చేయుచు జీవనము గడపి, 1958లో 'ది బిగ్ కంట్రీ' చిత్రమునకు కూర్చిన సంగీతముచే ప్రసిద్ధుడయ్యెను. ఆ చిత్రసంగీతమును ఎఱిగినవారిలో పలువురు స్వర్ణఫలము పేరైనను వినియుండరు. ఈ ఇరువురు కలిసి 1948లో 'బాలె బాలడ్స్' అను ఏకాంకముల సంపుటిని ప్రదర్శించిరి. అందు నృత్యమును గానమును ఒకదానికొకటి లోబడక సమానముగా కథను నడపును. స్వర్ణఫలమునకు బీజము అచటనే పడినదని మా అభిప్రాయము.

కథ హోమరు మహాకవిది. దేశము మాత్రము అమెరికాది. ఇలియడ్, ఒడిస్సీ కావ్యములను రెండు అంకములుగా కుదించి, వాయవ్య దిశనున్న వాషింగ్టన్ రాష్ట్రమున, ఒలింపస్ పర్వత ప్రాంతమున గల ఏంజెల్స్ రూస్ట్ అను కల్పిత గ్రామములో నెలకొల్పినారు. ఆ రాష్ట్రమున ఒలింపస్ అను కొండ నిజముగానే కలదు; కవికి దొరికిన అదృష్టమది. కాలము 1900 మొదలు 1910 వఱకు. స్పెయిన్‌తో జరిగిన యుద్ధము ముగించుకొని యులిసీస్‌యు అతని సహచరులును ఇంటికి వచ్చుటతో కథ ఆరంభమగును. ముసలి షెరీఫ్ మెనెలాస్ భార్య హెలెన్, రైతుబిడ్డ. ఊరి మేయరు భార్య మిసెస్ జూనిపర్, బడిపంతులమ్మ మిస్ మినర్వా, పెండ్లిసంబంధములు కుదుర్చు లవీ మార్స్, ఈ మువ్వురును గ్రీకుల మువ్వురు దేవతలు. వంటకముల పోటీలో స్వర్ణఫలము ఎవరికని తగవు పుట్టును. ఆకాశమున బెలూనుపై వచ్చి దిగిన తిరుగుడు వర్తకుడు పారిస్ తీర్పరి యగును. తీర్పు చెప్పి, హెలెన్‌ను తోడ్కొని, అతడు ఆ బెలూనులోనే రోడోడెండ్రన్ అను పట్టణమునకు ఎగిరిపోవును. రోడోడెండ్రన్ ఆ రాష్ట్రపు అధికార పుష్పము పేరు. కొండ పేరిట పల్లె, పూవు పేరిట పట్టణము! ఆ రాష్ట్రవాసులకు ఇది నవ్వు పుట్టించియుండును.

రెండవ అంకమున యులిసీస్ తన మనుష్యులతో పట్టణమునకు పోయి పారిస్‌తో ముష్టియుద్ధము చేసి గెలుచును. హెలెన్ మరలివచ్చును. కాని యుద్ధము ముగిసినను యాత్ర ముగియదు. పట్టణపు మేయరు హెక్టర్ ఆ పల్లెవాండ్రను నగర భోగములలోనికి లాగును. సంపన్నుల ఇంటి విందులు చేయు కాలిప్సో, వాటాల వ్యాపారము చేయు సిల్లా, కారిబ్డిస్, రేవువీధిలోని మోహిని సైరెన్, ప్రళయమును లెక్కగట్టు శాస్త్రజ్ఞురాలు, ఆపై సర్సీ. ఒక్కొక్కచోట ఒక్కొక్క సహచరుడు నేలకూలగా, పదేండ్లు గడచిన పిమ్మట యులిసీస్ ఒంటరిగా పెనెలపీ వద్దకు తిరిగి వచ్చును.

ఇంతవఱకు చెప్పినది కథ. రూపకమునకు విశేషత కథలో కంటె దానిని నడపిన పద్ధతిలో ఉన్నది. ఆ నాటి అమెరికా సంగీత రూపకమున పాత్రలు సంభాషించును; భావము మితిమీరినపుడు పాడును; పాట ముగిసి చప్పట్లు మ్రోగిన పిమ్మట మరల సంభాషించును. స్వర్ణఫలమున సంభాషణ లేదనియే చెప్పవచ్చును. ఆదినుండి అంతము వఱకు పాటయే. అయినను అది ఐరోపా పద్ధతి ఒపెరా కాదు. ఆ దశాబ్దములలో అమెరికా ప్రజలు వినిన వినోదపు బాణీలన్నియు అందు వరుసగా వచ్చును. ముఖ్యముగా రెండవ అంకమున ప్రతి ప్రలోభమునకును ఒక వినోద సంప్రదాయము నియమింపబడెను. సిల్లా, కారిబ్డిస్ అను వర్తకులు వాడవిల్ రంగస్థలమున గాలగర్, షీన్ అను హాస్యద్వయము పాడిన ఫక్కిలో ఒకరికొకరు బదులు చెప్పుకొందురు. సైరెన్ దక్షిణ సముద్ర ద్వీపముల పేరిట అమెరికాలో తయారైన కృత్రిమ మధురగీతిని పాడును. వీరులను పడగొట్టునది ఆ దేశపు వినోదవ్యాపారమే యని కవి మాటలతో చెప్పక సంగీతపు ఎన్నికతో చెప్పినాడు. పాటలను విడివిడిగా విన్నవారికి అవి చక్కని హాస్యగీతములు. వరుసగా చూచినవారికి అవి ఒక్కొక్క మరణమునకు తోరణములు.

పాత్రల పంపకము కూడ ఇట్టి అర్థమునే పోషించును. మొదటి అంకమున మిసెస్ జూనిపర్ వేషము వేసిన గెరాల్డీన్ వీటీయే రెండవ అంకమున కాలిప్సో. లవీ మార్స్ వేసిన బీబీ ఆస్టర్‌వాల్డే సైరెన్. మినర్వా వేసిన పోర్షియా నెల్సనే శాస్త్రజ్ఞురాలు. మెనెలాస్ వేసిన డీన్ మిషెనర్ సిల్లాగాను, హెక్టర్ వేసిన జాక్ వైటింగ్ కారిబ్డిస్‌గాను కనబడుదురు. పల్లెలోని మువ్వురమ్మలే పట్టణమున మోహినులై వీరులను వెంబడింతురన్నమాట. నటుల కొఱత వలన ఒకడు రెండు వేషములు కట్టుట ఏ దేశపు నాటకసమాజమునకును క్రొత్త కాదు. ఇచట ఆ రెండు వేషములు ఒక వ్యాఖ్యానము.

యక్షగానములను పరిశోధించువారు ఈ వర్ణన చదువుచు, ఆద్యంతము గేయమైన రూపకము, పురాణకథకు స్థానిక వేషము, ఒకే నటునకు పలు పాత్రలు అను లక్షణములు చూచి తొందరపడవచ్చును. పోలిక ఉన్నంతమాత్రమున సంబంధము కల్పింపరాదు. పోలిక మనకు ఉపకరించునది ఒక్కచోటనే: ఇట్టి కృతిలో పాట కథకు అలంకారము కాదు గనుక పాటలను ఏఱి తీసినచో మిగులునది కృతి కాదని మనవారికి వేఱుగ చెప్పవలసిన పని లేదు.

ఇక ప్రదర్శన చరిత్ర. బ్రాడ్వే నిర్మాతలు వెనుదీసిన ఈ రూపకమును చేపట్టినది ఫీనిక్స్ థియేటరు. టి. ఎడ్వర్డ్ హాంబుల్టన్, నారిస్ హౌటన్ అనువారు 1953లో స్థాపించిన సంస్థ అది. న్యూయార్కున సెకండ్ ఎవెన్యూ మీద, పూర్వము యిడ్డిష్ భాషా నాటకములకై కట్టిన రంగశాలలో, బ్రాడ్వే వీధికి దూరముగా, తక్కువ వ్యయముతో మంచి నాటకములు ఆడవలెనని వారి సంకల్పము. నటుల పేళ్లను ప్రతిష్ఠను బట్టి కాక అక్షరక్రమమున వేయుట వారి నియమము. నార్మన్ లాయిడ్ దర్శకుడు. హాన్యా హోమ్ నృత్యములు కూర్చెను. విలియం ఎకార్ట్, జీన్ ఎకార్ట్ దంపతులు రంగాలంకరణము చేసిరి. మోరాస్ తానే హర్షీ కేతో కలిసి వాద్యసంయోజనము చేసికొనెను. యులిసీస్‌గా స్టీఫెన్ డగ్లస్, పెనెలపీగా ప్రిసిల్లా జిల్లెట్, హెలెన్‌గా కే బాలర్డ్ నటించిరి.

1954 మార్చి 11వ తేదీన ప్రథమ ప్రదర్శనము. విమర్శకులు వేనోళ్ల కొనియాడిరి. న్యూయార్కు నాటక విమర్శకుల మండలి ఆ సంవత్సరపు ఉత్తమ సంగీత రూపకముగా దీనిని ఎన్నుకొనెను. ఆఫ్ బ్రాడ్వే రూపకమునకు ఆ బహుమానము దక్కుట అదియే తొలిసారి. 48 ప్రదర్శనముల పిమ్మట, ఏప్రిల్ 20న, ఆల్‌ఫ్రెడ్ డి లియాగ్రి, రోజర్ స్టీవెన్స్ అను నిర్మాతలు దీనిని బ్రాడ్వేలోని ఆల్విన్ థియేటరునకు తరలించిరి. అచట 125 ప్రదర్శనములు ఆడి ఆగస్టు 7న మూతపడెను. అదే రంగస్థల సంవత్సరమున 'కిస్మెత్' 583 ప్రదర్శనములు, 'ది పజామా గేమ్' వేయికి మించి ప్రదర్శనములు ఆడినవి. స్వర్ణఫలము మూతపడిన నాటికి సరిగా రెండేండ్లకు, 1956 ఆగస్టు 7న, లటూష్ నలుబదిరెండేండ్లైనను నిండకుండ గుండెపోటుతో మరణించెను.

ఈ అపజయమునకు కారణములు పలువురు పలువిధముల చెప్పుదురు. సంభాషణ లేని రూపకము సామాన్య ప్రేక్షకునకు క్రొత్త యనియు, గ్రీకు కథ ఎఱుగనివారికి హాస్యము అందలేదనియు, వేసవి అడ్డువచ్చినదనియు అందురు. మాకు తోచినది వేఱొకటి. స్వర్ణఫలమునకు ఒక్కదినము ముందు, మార్చి 10న, న్యూయార్కుననే థియేటర్ డి లీస్ అను చిన్న రంగశాలలో 'త్రీపెన్నీ ఒపెరా'కు మార్క్ బ్లిట్స్‌స్టీన్ చేసిన ఆంగ్లానువాదము ఆరంభమయ్యెను. అదియు ఆఫ్ బ్రాడ్వేయే. రంగశాల ముందుగనే మఱొక నాటకమునకు కుదురుటచే దానిని 96 ప్రదర్శనములతో ఆపవలసి వచ్చెను. అది బ్రాడ్వేకు పోలేదు. 1955లో ఆ చిన్న రంగశాలకే తిరిగి వచ్చి 1961 డిసెంబరు వఱకు 2,600కు పైగా ప్రదర్శనములు ఆడెను. స్వర్ణఫలము తనకు తగిన ఇంటిని ఆఱు వారములలో వదలి పెద్ద ఇంటి అద్దె నెత్తికెత్తుకొనెను. అపజయమునకు మూలము అదియేనని నిరూపింపలేము గాని, ఒక్క దినపు తేడాతో పుట్టిన రెండు రూపకముల జాతకములు ఇంతగా భిన్నించుటకు కృతుల గుణము మాత్రము కారణము కాదు.

ఇప్పుడు మన ప్రధాన విషయమునకు వచ్చుచున్నాము. ఆ సంవత్సరమే ఆర్.సి.ఏ. విక్టర్ కంపెనీ మూల నటవర్గముతో స్వర్ణఫలమును ధ్వనిముద్రణము చేసెను. ఒక్కటే లాంగ్‌ప్లే రికార్డు. ఒక్కొక్క ప్రక్కన పట్టునది ఇంచుమించు 25 నిమిషములు. రెండు గంటలకు మించిన సంగీతమును అందు ఇముడ్చవలసి వచ్చెను. ప్రసిద్ధి పొందగల పాటలను ఏఱి, నడుమ కథాసూత్రమునకై అంత్యప్రాసలతో కూడిన వచన వ్యాఖ్యానమును ఒకనిచే చెప్పించిరి. ఆ కాలమున పూర్ణ ధ్వనిముద్రణము అసాధ్యమేమియు కాదు. కొలంబియా కంపెనీ 1951లో 'పోర్గీ అండ్ బెస్'ను, 1956లో 'ది మోస్ట్ హాపీ ఫెలా'ను మూడేసి రికార్డులుగా వెలువరించెను. కనుక ఒక్క రికార్డనునది వ్యాపార నిర్ణయము. యంత్రము విధించిన హద్దు కాదు.

అచ్చుప్రతిని ముందుంచుకొని ఈ రికార్డును వినినచో మూడు మార్పులు తేటపడును. అచ్చుప్రతి 1954లోనే రాండమ్ హౌస్ వారు ప్రకటించినది.

మొదటిది చెప్పుటకు వింతగ నుండును. మాటలు లేకుండుటయే ఏ రూపకమునకు గొప్పతనమో, ఆ రూపకము లోకమునకు మాటలతో నిండిన రికార్డుగా పరిచయమయ్యెను. పాత్రలు పాడి బ్రదుకవలసిన కథను బయటివాడొకడు చమత్కారముగా చెప్పి ముగించును. అంత్యప్రాసలు వినోదకరములే. కాని వాని వలన పెనెలపీ విరహమును, సహచరుల చావును ఒక కథకుని హాస్యపు సొత్తు లగును.

రెండవది, పాటలకు నడుమనున్న సంధిభాగములు పోయినవి. పోటీ, తీర్పు, ముష్టియుద్ధము మొదలగు ఘట్టములు రూపకమున ఒక పాటలోనుండి మఱొక పాటలోనికి సంగీతముగనే సాగును. ఆ సాగుటయే మోరాస్ కృషి. అది పోగా మిగిలినది, ఏ ఫక్కి రూపకముల నుండి వేఱుపడవలెనని కర్తలు శ్రమించిరో ఆ ఫక్కి పాటల వరుసయే.

మూడవదానిని ఏ రికార్డును, ఎన్ని ప్రక్కలున్నను, పట్టజాలదు. పారిస్ పాత్ర మాటలాడడు, పాడడు. ఆ పాత్ర వేసిన జోనథన్ లూకాస్ నర్తకుడు. పారిస్ ఉనికి యంతయు నృత్యమే. కథకు కారకుడైనవాడు రికార్డులో లేనే లేడు! ఇతరులు అతనిని గూర్చి పాడుదురు. అతడు మాత్రము వినబడడు. ఈ రూపకములో లోకప్రసిద్ధమైన పాట 'లేజీ ఆఫ్టర్‌నూన్'. ఎండ కాయు వేళ, ఊరంతయు కదలక మెదలక ఉన్నపుడు, హెలెన్ పారిస్‌ను రమ్మని పిలుచు పాట అది. రికార్డులో కే బాలర్డ్ గొంతు నెమ్మదిగా, తొందర లేక, వేడిగాలివలె సాగును. వినువారికి అది ఏకాంతగీతము. రంగస్థలమున అది సంవాదము. ఒకరు గొంతుతో అడుగగా వేఱొకరు దేహముతో బదులిచ్చుట. తరువాతి కాలమున ఎందఱో గాయకులు ఆ పాటను పాడిరి. 1975లో బార్బ్రా స్ట్రైసాండ్ తన రికార్డు ఒకదానికి ఆ పాట పేరే పెట్టెను. వారందఱు పాడినది సగము పాట యని మా అభిప్రాయము. ఆ సగమే లోకమునకు చాలినదన్న సంగతియు కాదనము.

ఇన్ని లోపములు గల రికార్డును ఆశ్రయించియే స్వర్ణఫలమునకు అభిమానులు ఏర్పడిరి. వారి సంఖ్యకు లెక్కలు లేవు. పునర్ముద్రణములు, పునఃప్రదర్శనములు అను ఆనవాళ్లను బట్టి వారిని ఊహింపవలెను. ఆర్.సి.ఏ. రికార్డు దుర్లభముకాగా 1960 దశకపు ఆరంభమున ఎలెక్ట్రా కంపెనీ దానిని మరల వెలువరించెను. అమ్ముడుపోదని తెలిసిన సరుకును వేఱొక కంపెనీ కొని అచ్చొత్తదు. 1962లో న్యూయార్కులోని యార్క్ ప్లేహౌసున రూపకమును తిరిగి ఆడగా 112 ప్రదర్శనములు నడచెను. 1990లో యార్క్ థియేటర్ కంపెనీ వారు మఱల ప్రదర్శించిరి. 1997లో ఆ పాత రికార్డే కాంపాక్ట్ డిస్కుగా వచ్చెను. నలుబది మూడేండ్ల తరువాతను అదే వ్యాఖ్యానము, అవే కోతలు.

ఈ అభిమానుల స్వభావము గమనింపదగినది. సాధారణముగా రికార్డును ప్రేమించువాడు ఆ రికార్డుతో తృప్తిపడును. వీరు దానిని ప్రేమించుచునే దానిని నిందించిరి. కే బాలర్డ్ కంఠమునకు, బీబీ ఆస్టర్‌వాల్డ్ హాస్యమునకు, లటూష్ ప్రాసలకు మురియుచునే, వ్యాఖ్యానము వచ్చినపుడెల్ల ఆ చోట ఏమి ఉండెనోయని వెదకిరి. ఖిలప్రతిని చదువుచు గ్రంథపాతములను గుర్తించుకొను పాఠకుని లక్షణమిది. విశ్వవిద్యాలయములు చేయవలసిన పనిని ఈ విషయమున చాలకాలము శ్రోతలే చేసిరనుట అతిశయోక్తి కాదు. లటూష్‌కు సమగ్రమైన జీవితచరిత్ర హోవర్డ్ పోలాక్ చేతిమీదుగా వెలువడుటకు 2017 వఱకు వేచియుండవలసి వచ్చెను.

మనకును ఇట్టి అనుభవము లేకపోలేదు. తిరుపతి వేంకట కవుల 'పాండవోద్యోగ విజయములు' నాటకముల రాయబారపు పద్యములు గ్రామఫోను రికార్డులలో ఊరూరను మ్రోగినవి. ప్రక్కకు మూడు నాలుగు నిమిషములకు మించి పట్టని ఆ రికార్డుల వలన పద్యములు కంఠస్థమైనవారు వేలకొలది. నాటకమును ఆద్యంతము చూచినవారు వారిలో కొందఱే. అయితే మన శ్రోతకు ఆ పద్యములకు ముందువెనుకలు భారతము వలన ముందే తెలియును. లోపమును పూరించు కథ వాని మనస్సులోనే ఉన్నది. ఏంజెల్స్ రూస్ట్ కథను ముందుగా ఎఱిగిన అమెరికా శ్రోత ఎవడును లేడు. రికార్డులో వ్యాఖ్యాతను ప్రవేశపెట్టినవారికి ఈ మాత్రము సమర్థనము చెప్పవలసి యున్నది. అతడు లేనిచో ఆ పాటలు పొడికథలు లేని చాటువులై చెల్లాచెదరగును.

అపజయము పొందిన రూపకమును రికార్డు నిలుపుటకు లటూష్ జీవితమునందే మఱొక దృష్టాంతము కలదు. అతడు కొంతకాలము సాహిత్యరచన చేసి విడిచిపెట్టిన 'కాండిడ్', లెనర్డ్ బెర్న్‌స్టీన్ సంగీతముతో 1956 డిసెంబరులో ఆరంభమై 73 ప్రదర్శనములతో ముగిసెను. కొలంబియా వారి రికార్డు దానికి క్రొత్త ఆయువు పోసెను. అచ్చట రికార్డు విని ప్రేమించినవారు రూపకమునే మార్చి మార్చి మఱల ఆడించిరి. స్వర్ణఫలమున పాఠమును మార్చవలెనన్న కోరిక కంటె పాఠము పూర్తిగా కావలెనన్న కోరికయే బలముగా కనబడుచున్నది.

ఆ కోరిక 2015లో తీరెను. టెక్సాసు రాష్ట్రమున ఇర్వింగ్ పట్టణములోని లిరిక్ స్టేజి సంస్థ 2014లో మూలవాద్య సంయోజనముతో రూపకమును పూర్తిగా ఆడెను. జే డయాస్ వాద్యబృందమును నడపెను. ఆ ప్రదర్శనమునుండి గ్రహించిన ధ్వనిముద్రణమును పి.ఎస్. క్లాసిక్స్ కంపెనీ రెండు డిస్కులుగా వెలువరించెను. మొదటి రికార్డునకు దీనికి 61 సంవత్సరముల దూరము. కర్తలలో లటూష్ 1956లోను, మోరాస్ 1983లోను గతించినందున ఇద్దఱిలో ఎవరును దీనిని వినలేదు.

ఇచట పరిష్కర్తకు చిక్కు వచ్చును. 1954 నాటి ప్రతి ప్రాచీనము, కర్తల సమక్షమున తయారైనది, మూలనటుల కంఠములు గలది, కాని ఖిలము. 2015 నాటి ప్రతి సమగ్రము. కాని అర్వాచీనము, వేఱు కంఠములు గలది. ఏది ప్రమాణము? పూర్ణప్రతి వచ్చినది గనుక పాతదానికి ఇక పనిలేదనువారు ఒకప్రక్క, కే బాలర్డ్ లేని హెలెన్ హెలెనే కాదనువారు ఒకప్రక్క. మా మతము ఇది. రూపకనిర్మాణమును గూర్చిన ఏ ప్రశ్నకైనను 2015 ప్రతియే ఆధారము. రెండవ అంకమును పాటల గుత్తి యని పూర్వము వ్రాసినవారు రికార్డును బట్టి వ్రాసిరే గాని రూపకమును బట్టి వ్రాయలేదని ఇప్పుడు తెలియుచున్నది. గాత్రధర్మమును గూర్చిన ప్రశ్నలకు, అనగా లటూష్ ప్రాసలను ఏ వేగమున, ఏ యాసతో, ఎంత గాంభీర్యముతో పలుకుట కర్తలకు సమ్మతమో తెలియుటకు, 1954 ప్రతియే శరణ్యము. ఒకదానితో రెండవదానిని దిద్దరాదు.

అభిమానుల పక్షమున అతిశయోక్తియు లేకపోలేదు. మరుగుపడిన కృతి యెల్ల మహాకృతి యని తలచుట వారి బలహీనత. పూర్ణప్రతిని వినిన పిమ్మట మాకు ఒక లోపము తోచినది. మొదటి అంకమున యులిసీస్ సహచరులు గుంపుగనే ఉందురు. ఒక్కొక్కరికి వ్యక్తిత్వము తక్కువ. రెండవ అంకమున వారు ఒకరి తరువాత ఒకరు పడిపోవునపుడు కలుగవలసిన దుఃఖము ఆ మేరకు కొఱతపడును. ప్రలోభముల చమత్కారము హతులను మించిపోయినది. రికార్డు మాత్రము విన్న కాలమున ఈ లోపమును కోతల మీదికి నెట్టుటకు వీలుండెను. ఇప్పుడు అది కర్తలదేనని ఒప్పుకొనవలెను. పెనెలపీ, యులిసీస్‌లు మొదటి అంకమున పాడుకొను 'ఇట్స్ ది గోయింగ్ హోమ్ టుగెదర్' అను యుగళగీతమును చివర వినునపుడు మాత్రము, నడుమ గడచిన పదేండ్ల బరువు పూర్ణప్రతిలో తెలిసినట్లు పాత రికార్డులో తెలియదు. 25 నిమిషములలో గడచిన పదేండ్లకు, గంటకు పైగా గడచిన పదేండ్లకు తేడా చెవికి అందును.

2017 మే నెలలో న్యూయార్కు సిటీ సెంటరున 'ఎన్‌కోర్స్' అను ప్రదర్శనమాలలో స్వర్ణఫలమును కొద్ది దినములు ఆడిరి. రికార్డు మూలముననే దానిని ఎఱిగిన శ్రోతలలో కొందఱు ఆ దినములలో, ఒక్క మాటయైనను పలుకక బెలూనులో వచ్చి దిగు పారిస్‌ను తొలిసారి కన్నులార చూచియుందురు. ఆ నృత్యమును కూర్చినవాడు జాషువా బర్గాస్; హాన్యా హోమ్ కాదు.